ఒక పన్ను లోతు

రుమాలు మడత విప్పగానే పుల్లటి వాసన.

పాత బ్యాటరీ కారి, ఎండి, పొడై... వేలికి అంటుకునే తెల్లటి ఉప్పు. దాని కింద పచ్చటి చిలుము. చిలుము కింద ఎక్కడో ఇత్తడి.

రెండు ముక్కలు.

ఒకటి నల్లటి పిడి. బొటనవేలంత ఉంది. నిలువునా పగిలింది. రెండోది పళ్ళున్న రేకు. పిడి అంచు దగ్గర పుటుక్కున తెగింది.

కారు తాళంచెవి.

తన రిపేరు కొట్టులో గడియారాలమ్మ దాన్ని వెంటనే ముట్టుకోలేదు. ఏ వస్తువునైనా ముందు చూస్తుంది, తర్వాతే ముడుతుంది. ఎక్కడ విరిగిందని కాదు, ఎలా విరిగిందని అడగాలి — నాన్న నేర్పిన మొదటి పాఠం అదే. అరిగి విరిగింది ఒకలా ఉంటుంది. పడి విరిగింది ఇంకోలా ఉంటుంది.

ఇది అరిగింది కాదు. పడిందీ కాదు.

మెలితిరిగి తెగింది. ఇద్దరు చెరోవైపు పట్టి లాగితే తెగినట్టు...

కంటికి బిగించిన భూతద్దం తీసి తలెత్తింది. బల్లకు అవతల తమ్ముడుగారు నిలబడి ఉన్నాడు. తన చేతులు తనవి కానట్టు, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

ఆయనకు అరవై నాలుగేళ్ళు. ముప్ఫై అయిదేళ్ళు ఆఫీసులో ఫైళ్ళు మోసి రిటైరయ్యాడు. సొంత పేరు లేకపోలేదు. అది పింఛను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా బతకదు. ఆ వీధిలో పండు ముసలివాళ్ళకూ పలక పట్టిన పిల్లలకూ కూడా ఆయన తమ్ముడుగారే.

నర్సమ్మ తమ్ముడు మరి.

నర్సమ్మ...

ఆ చుట్టుపక్కల తిరిగే మనుషుల్లో సగంమంది భూమ్మీద పడగానే చూసిన మొదటి మొహం ఆవిడది. నీలం రంగు పాత కారు వేసుకుని నలభై ఏళ్ళు తిరిగింది. ఆడమనిషి స్టీరింగు పడితే జనం ఆగి చూసే రోజుల్లో, ఆవిడ తల బయటికి పెట్టి "చూసింది చాలు, తప్పుకోండి, అవతల బిడ్డ ఆగదు" అని కసిరేదట.

బిడ్డ ఆగదు. నర్సమ్మ ఆగదు. కారూ ఆగేది కాదు.

ఈ తాళంచెవి ఆ కారుదే. పిడి లోపల ఒక చిన్న బల్బు, దాని వెనక నాణెమంత బ్యాటరీ. బొటనవేలితో నొక్కితే వెలుగుతుంది. చీకట్లో కారు తలుపు కన్నం వెతుక్కోవడానికి, పూర్వం ఎవరో ముచ్చటపడి చేసిన ఏర్పాటు.

గడియారాలమ్మకు ఆ వెలుగు తెలుసు.

కానీ ఇప్పుడు ఆమె దాని గురించి మాట్లాడలేదు. తమ్ముడుగారు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడమంటే... మాటకోసారి ఆగి, గుటక మింగి, గోడ మీది గడియారాలకు చెబుతున్నట్టు చెప్పాడు.

అక్కకు మరుపు వచ్చింది.

మొదట మనుషుల పేర్లు పోయాయి. తర్వాత రోజులు పోయాయి. ఇప్పుడు ఒక్కోసారి, పట్టపగలు, ఎవరో కబురు పెట్టారని లేస్తుంది. సంచి సర్దుకుంటుంది. కత్తెర, దారం, శుభ్రమైన గుడ్డలు — అన్నీ వరస తప్పకుండా. కారు ఎక్కుతుంది.

రెండు నెలల కిందట అలాగే ఎక్కింది. ముందుకు పోవలసిన కారు వెనక్కి పోయింది. గేటు స్తంభం కూలింది. స్తంభం పక్కన ఒక ఆడపిల్ల సైకిలు పట్టుకుని నిలబడి ఉంది.

జానెడు దూరం.

ఆ పిల్ల ఏడవలేదు. నర్సమ్మ దిగి, ఆ పిల్ల తల నిమిరి, "మీ అమ్మకు నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?" అని అడిగింది.

అప్పట్నుంచి తాళంచెవి తమ్ముడుగారి జేబులో ఉంది. అప్పట్నుంచి ఆవిడ దాన్ని వెతుకుతోంది. బియ్యం డబ్బాలో, దిండు గలీబుల్లో, ఆరేసిన బట్టల జేబుల్లో. వెతికి వెతికి, చివరికి మొన్న మధ్యాహ్నం తమ్ముడి జేబులోనే పట్టుకుంది. ఆవిడ లాగింది. ఆయన లాగాడు.

"అక్క చేతిలో పిడి మిగిలిందమ్మా. నా చేతిలో పళ్ళు మిగిలాయి."



అక్క ఆ ముక్క వైపు చూసుకుందట. తర్వాత తమ్ముడి వైపు చూసిందట. "విరగ్గొట్టాను, ఏమనుకోకురా" అందట.

పుట్టి బుద్ధెరిగాక అక్క నోట ఆ మాట ఆయన వినలేదు. ఆయన పుట్టినప్పుడే తల్లి పోయింది. పన్నెండేళ్ళ అక్క ఎత్తుకుంది. కొట్టింది, తిట్టింది, జ్వరం వస్తే రాత్రంతా భుజాన వేసుకుని తిరిగింది, లెక్కలు రాకపోతే గోడకుర్చీ వేయించింది. ఒక్కనాడూ ఏమనుకోకురా అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు.

"అంతకంటే నన్ను నాలుగు తిట్టినా బాగుండేది" అన్నాడు.

గడియారాలమ్మ పిడిని పట్టకారుతో మెల్లగా తిప్పింది. అతుకుతుంది. బల్బు మాడిపోయింది కానీ దొరుకుతుంది. రెండు రోజులు పడుతుంది. అదే చెప్పింది.

ఆయన కదల్లేదు.

"లైటు వెలగాలమ్మా" అన్నాడు. గొంతు తగ్గించి, "కారు మాత్రం కదలకూడదు."

ఆమెకు అర్థమైంది. అయినా అర్థం కానట్టు చూసింది. కొన్ని మాటలు అవతలివాళ్ళ నోటి నుంచి పూర్తిగా రావాలి.

వచ్చాయి. ఒక్క పన్ను లోతుగా అరగదీస్తే చాలట కదా. తాళంచెవి కన్నంలోకి వెళ్తుంది, తిరగదు. అక్క చేతిలో తాళంచెవి ఉంటుంది. వెతుక్కోవడం ఉండదు. లైటు చూసుకుంటుంది. కూర్చుంటుంది. కారు మొరాయించిందనుకుంటుంది. అంతే.

కారు బ్యాటరీ వైరు పీకేస్తే సరిపోదా అని అడిగింది ఆమె.

ఆయన మొదటిసారి నవ్వాడు. అక్కకు తన పేరు గుర్తుండని రోజులున్నాయి కానీ బానెట్ కింద ఏ వైరు ఎక్కడికి పోతుందో మరిచిన రోజు లేదు. పీకితే పెట్టేస్తుంది. పోనీ కారు అమ్మేద్దామంటే, ఖాళీ షెడ్డు చూసి ఆవిడ ఏమవుతుందో ఆయన ఊహించలేడు. పోనీ ఆయన నడుపుతాడా అంటే... నలభై ఏళ్ళుగా పక్క సీట్లో కూర్చున్న మనిషి. స్టీరింగంటే భయం. అక్క ఉండగా నాకెందుకులే అనుకుంటూ వెళ్ళిపోయింది జీవితం.

ఆ పన్ను అరిగిన రోజు ఆ కారు ఇక కదలదు. ఆయనకు తెలుసు. తెలిసే వచ్చాడు.

"చూస్తాను" అంది గడియారాలమ్మ.

చేస్తాను అనలేదు.

*

ఆ కొట్టు నాన్నది. బయట బోర్డు మీద గడియారాలు, తాళాలు అని ఉంటుంది. కాలం తప్పినవాళ్ళూ, గుమ్మం బయట చిక్కినవాళ్ళూ ఇద్దరూ మన దగ్గరికే రావాలి అని నాన్న నవ్వేవాడు.

నాన్న చేతులు ఒక ఏడాది వణకడం మొదలుపెట్టాయి.

ముందు చిన్నగా. గాలికి ఆకు కదిలినట్టు. తర్వాత మరలు జారిపోయేవి. ముల్లు వంగిపోయేది. బాగుచేయమని ఇచ్చిన గడియారం బాగులేకుండా తిరిగి వెళ్ళేది. మనుషులు మొహం మీద ఏమీ అనలేదు. కూతురి చేతికి ఇవ్వడం మొదలుపెట్టారు.

అప్పుడు ఆమె ఒక పని చేసింది.

అటక మీది డబ్బాలో పనికిరాని గడియారాలు ఉండేవి. ఒక్కొక్కటీ తీసి, తుడిచి, నాన్న ముందు పెట్టేది. ఫలానా మాస్టారిదట, ఆదివారానికి కావాలట. ఫలానా వాళ్ళ అల్లుడిదట, ఊరికి వెళ్ళేలోపు ఇవ్వాలట. నాన్న రోజంతా వంగి కూర్చునేవాడు. చెడిపోతే ఏముంది... చచ్చిన గడియారం మళ్ళీ చావదు కదా.

ఎనిమిది నెలలు.

నాన్న హాయిగా ఉన్నాడు. ఆమె కూడా హాయిగా ఉంది.

గడియారం తెరిచిన ప్రతివాడూ మూత లోపల సూదితో చిన్న గుర్తు గీస్తాడు. ఎవరు తెరిచారు, ఎప్పుడు తెరిచారు — తర్వాతివాడికి తెలియాలని. ఒక సాయంత్రం నాన్న ఒక మూత తీసి ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. లోపల ఒక ఇంటూ గుర్తు. ఇక పనికిరాదని ఇరవై ఏళ్ళ కిందట ఆయనే గీసిన గుర్తు.

ఎవరిదమ్మా ఇది, అన్నాడు.

పోస్టుమాస్టరుగారిది, అంది ఆమె.

అలాగా, అన్నాడు.

భూతద్దం తీశాడు. మెత్తటి గుడ్డతో తుడిచాడు. డబ్బాలో పెట్టి మూత బిగించాడు. మర్నాడు కొట్టుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంకెప్పుడూ రాలేదు.

ఒక్క మాటా అనలేదు.

అని ఉంటే ఆమెకు ఇవాళ ఇంత బరువు ఉండేది కాదు.

*

మొదటి రోజు చిలుము.

దూదికి నిమ్మరసం అద్ది తుడిచింది. పాత పళ్ళబ్రష్షుతో రుద్దింది. తెల్లటి ఉప్పు కరిగి, పచ్చటి మరక వదిలి, మెల్లమెల్లగా ఇత్తడి తేలింది. లోపల రాగి రేకు ఒకటి ఉండాలి, బ్యాటరీకీ బల్బుకీ మధ్య వంతెనలా. చిలుము దాన్ని పూర్తిగా తినేసింది. కొత్త రేకు కత్తిరించింది. వంచింది. ఎక్కువ వంచితే లైటు ఆరదు, తక్కువ వంచితే వెలగదు. పదకొండుసార్లు వంచి చూసింది.

పాత కొలత బ్యాటరీ ఇప్పుడు ఎక్కడా దొరకదు. చిన్నది పెట్టి, చుట్టూ ఇత్తడి రింగు వేసింది. పెద్దన్న చొక్కా తొడుక్కున్న చిన్నోడిలా, కాస్త వదులుగా అయినా నిలబడింది.

ఇక బల్బు.

ఇప్పుడొచ్చే తెల్ల లైటు పెట్టేయమని తమ్ముడుగారు వెళ్తూ వెళ్తూ అన్నాడు. ఏదైనా వెలుగే కదా.

ఏదైనా వెలుగు కాదు.

ఆమె అద్దాల బీరువా అడుగు సొరుగు తీసింది. అంకెలు పడే తొలి రోజుల చేతి గడియారాలు అక్కడ ఉన్నాయి. వాటిలో గోధుమ గింజంత బల్బు ఉండేది. మీట నొక్కితే మూల నుంచి పసుప్పచ్చటి వెలుగు. ఒక్కొక్కటీ విప్పింది. ఒకటి మాడింది. రెండోది మాడింది. అయిదోది... తీగ బతికే ఉంది. వెంట్రుక కంటే సన్నటి తీగ. ఊపిరి బిగబట్టి టంకం వేసింది.

ఇరవై నాలుగేళ్ళ కిందట ఈ కొట్టు వెనక గదిలో, కిటికీ లేని ఆ సామాన్ల గదిలో, ఆమె పడుకుని ఉంది.

వాన. వాగు పొంగి ఆసుపత్రి దారి మునిగింది. కరెంటు పోయింది. మధ్యాహ్నం మూడు గంటలకే గదిలో కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. నీళ్ళలోంచి ఆ నీలం కారు ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. నర్సమ్మ వచ్చింది. బిడ్డ వచ్చింది.

ఏడుపు రాలేదు.

ఆమెకు గుర్తున్నది ఒక్కటే. నర్సమ్మ తాళంచెవిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది. ఆ పసుపు వెలుగు బిడ్డ నోటిలో పడింది. చిన్న వెలుగు. బిడ్డ నోటికి సరిపోయేంత వెలుగు. నర్సమ్మ వేలు ఒకటి లోపలికి పోయింది, ఏదో తీసింది... అప్పుడు ఏడ్చింది పిల్ల. గది గోడలన్నీ వినేలా ఏడ్చింది.

ఆ పిల్ల ఇప్పుడు బడిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. గొంతు చించుకుని.

గడియారాలమ్మ బొటనవేలితో నొక్కింది.

వెలిగింది.

అదే పసుపు. అంతే వెలుగు.

ఆమె చాలాసేపు అలా పట్టుకుని కూర్చుంది. తర్వాత విరిగిన రేకును పిడిలో దించి, రెండు కన్నాలు వేసి, రెండు ఇత్తడి మేకులు దిగగొట్టి, జిగురు పూసి, దారంతో గట్టిగా చుట్టి ఆరబెట్టింది.

పళ్ళ జోలికి పోలేదు.

అరగదీసే ఆకురాయి బల్ల మీదే ఉంది. చేతికందే దూరంలో. జానెడు దూరంలో.

*

మూడో రోజు పొద్దున పదిగంటలకు నర్సమ్మ వచ్చింది.

ఒక్కతే. నడిచి. ఇస్త్రీ చీర, నున్నగా దువ్విన తల, చేతిలో గొడుగు. గుమ్మంలో చెప్పులు విప్పబోయి, ఇది కొట్టు కదా అని గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ తొడుక్కుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ కూతురు ఎలా ఉంది? ఇంకా అంత గట్టిగానే అరుస్తుందా?" అంది.

ఇవాళ బాగుంది ఆవిడకు. కళ్ళు కడిగిన అద్దాల్లా ఉన్నాయి.

తన తాళంచెవి ఇక్కడ ఉందని తమ్ముడి మొహం చూసి కనిపెట్టిందట. వాడి మొహం తెరిచిన పుస్తకమట, అక్షరాలు కూడా పెద్దవట. నవ్వింది. నవ్వి, చెయ్యి చాచింది.

గడియారాలమ్మ దారం విప్పి తాళంచెవిని ఆ చేతిలో పెట్టింది.

నర్సమ్మ నొక్కింది. వెలిగింది. అరచేతిలో పోసుకున్నట్టు ఆ వెలుగును చూసుకుంది. తర్వాత తాళంచెవిని తిప్పి, పళ్ళ మీద వేలు నడిపింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

"కారు స్టార్టవుతుందా?"

ఇదే ఆ క్షణం.

అవుతుందండీ అనవచ్చు. అబద్ధం కాదు. ఇంకా ఏ పన్నూ అరగలేదు. తర్వాత తాళంచెవి వెనక్కి తీసుకుని, జిగురు ఆరలేదని చెప్పి పంపి, తమ్ముడుగారు అడిగింది చేసేయవచ్చు. అందరూ హాయిగా ఉంటారు.

ఎనిమిది నెలలు హాయిగా ఉంటారు.

ఆమె బల్ల చుట్టూ వచ్చింది. నర్సమ్మ ఎదురుగా ఎత్తుపీట వేసుకుని కూర్చుంది. చెప్పింది. తమ్ముడుగారు ఏం అడిగాడో చెప్పింది. గేటు స్తంభం గురించి చెప్పింది. సైకిలు పిల్ల గురించి చెప్పింది. తాను ఇంకా ఏమీ చేయలేదని చెప్పింది.

నర్సమ్మ వింది. రోగి బంధువుల మాట వినేటప్పుడు నర్సులు వినే తీరుగా, మధ్యలో అడ్డం పడకుండా, కళ్ళు దించకుండా.

"ఆ పిల్ల ఎంత దూరంలో ఉందన్నాడు?"

"జానెడు."

నర్సమ్మ తన చెయ్యి చాపి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఉన్న ఆ దూరాన్ని చూసుకుంది. ఆ చేతిలోకి ఎన్ని తలలు వచ్చి వాలాయో... ఒక్కో తలా సరిగ్గా ఆ జానలో పట్టేది.

"నాకు గుర్తు లేదమ్మా" అంది. "ఒక్క ముక్క గుర్తు లేదు. స్తంభం గాలికి పడిందన్నాడు వాడు. నేను నమ్మాను."

గోడ మీద గడియారాలు తలో మాటా అంటున్నాయి.

నర్సమ్మ తాళంచెవిని బల్ల మీద పెట్టి, ఆమె వైపు తోసింది.

"అరగదియ్యి."

గడియారాలమ్మ ఆకురాయి వైపు చూసింది.

"నేను చూస్తుండగానే చెయ్యి. నాకు తెలియకుండా నా మీద ఏదీ జరగకూడదు. జరిగేది ఎలాగూ జరుగుతోంది." వేలితో చూపించింది. "ఏ పన్ను? ఇదా?"

"ఏదైనా సరే."

"అయితే నాలుగోది. నడిమిది వద్దు. చూడటానికి బాగుండదు."

గడియారాలమ్మ తాళంచెవిని బల్లకున్న ఇనుప పట్టు వైస్‌లో బిగించింది. ఆకురాయి అందుకుంది. మొదటి గీతకు ఇత్తడి కీచుమంది. రెండో గీతకు సర్దుకుంది. నర్సమ్మ ముందుకు వంగి చూస్తోంది. ఇత్తడి పొడి సన్నగా, ఎండలో మెరుస్తూ, కాగితం మీద రాలుతోంది. ఇన్నేళ్ళ దారులు, వాగులు, వానలు... చిటికెడంత.

"చాలా?" అంది నర్సమ్మ.

"ఇంకొంచెం."

"ఊఁ. కానియ్యి."

అయిపోయాక ఆవిడ పన్ను మీద వేలు పెట్టి చూసింది. తలూపింది. కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసినట్టు.

లేస్తూ చెప్పింది — ఈ సంగతి తమ్ముడికి చెప్పవద్దని. వాడే వచ్చి తీసుకెళ్ళాలి, వాడే తన చేతికి ఇవ్వాలి.

"నాకు తెలుసని తెలిస్తే నా మొహం చూడలేడు. వాడికి చిన్నప్పట్నుంచీ అబద్ధం ఆడటం రాదు. ఈ వయసులో నేర్చుకుంటున్నాడు పాపం. నేర్చుకోనీ."

గొడుగు తెరిచింది. ఎండలోకి దిగింది. మలుపు దగ్గర కుడికి తిరగాలా ఎడమకా అని ఒక్క క్షణం ఆగింది. కుడికే తిరిగింది.

కుడికే తిరగాలి. గడియారాలమ్మ అంతవరకూ గుమ్మంలోనే నిలబడింది.

*

సాయంత్రం తమ్ముడుగారు వచ్చి తీసుకెళ్ళాడు. చేశావా అని అడిగాడు. చేశానని చెప్పింది. అక్కకు తెలియదు కదా అని అడిగాడు. ఆమె సొరుగులో ఏదో వెతుక్కుంది. ఆయన లైటు నొక్కి చూసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది.

ఆ తర్వాత ఆమె అటు వెళ్ళినప్పుడల్లా చూసేది.

రోజూ నాలుగింటికి షెడ్డు తలుపులు తెరిచి ఉండేవి. నర్సమ్మ స్టీరింగు ముందు. తమ్ముడుగారు పక్క సీట్లో, ఒళ్ళో నర్సమ్మ సంచి పెట్టుకుని. ఆవిడ తాళంచెవి పెట్టి తిప్పేది. అది తిరిగేది కాదు.

"ఇవాళ మొరాయించిందిరా" అనేది.

"రేపు చూద్దాంలే అక్కా" అనేవాడు.

ఇద్దరూ అలాగే కూర్చునేవారు. ఏ ఇంటికి ఏ దారిన వెళ్ళారో ఆవిడ చెప్పేది. కవలలు పుట్టిన ఇల్లు. సందు ఇరుకై కారును నాలుగు వీధులు వెనక్కి నడిపిన ఇల్లు. ఆయన అవునవును అనేవాడు. కదలని కారులో వాళ్ళు ఎంత దూరం పోయేవారో... షెడ్డులోకి ఎండ వాలేదాకా.

ఆయన అబద్ధం ఆడుతున్నాడు, ఆవిడ కోసం. ఆవిడ అబద్ధం ఆడుతోంది, ఆయన కోసం. మధ్యలో ఒక ఇత్తడి పన్ను.

గడియారాలమ్మ ఆ వారాల్లో బాగా నిద్రపోయింది.

కానీ ఏదో ఒక రోజు... ఏ రోజో ఎవరికీ తెలియదు. "ఇవాళ మొరాయించిందిరా" అన్న మాట నటన కాకుండా పోయింది.

*

నర్సమ్మ మళ్ళీ వచ్చింది.

ఇస్త్రీ చీరే. గొడుగు లేదు. చెప్పులు రెండూ రెండు జతలవి. నిలబడే మాట్లాడింది.

ఎవరో తన తాళంచెవి పాడుచేశారట. కారులో ఏ లోపమూ లేదు, తాను బానెట్ ఎత్తి చూసింది, ప్లగ్గులు తుడిచింది, అన్నీ బాగానే ఉన్నాయి. తాళంచెవిదే తప్పు. కావాలని చేశారు. చూడు, ఈ పన్ను చూడు, కోసేశారు. నలభై ఏళ్ళు వాడిన వస్తువు, తన వేలికి తెలియదా?

"మా తమ్ముడి పనే" అంది. "పెంచిన చేతినే కట్టేశాడు. నన్ను ఒక్క మాట అడిగితే నేను కాదంటానా?"

గడియారాలమ్మ భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది.

ఊరుకుంటే తమ్ముడుగారు దొంగ అవుతాడు. చెబితే ఈ మనిషికి తన మరుపును తన చేతికే ఇచ్చినట్టు అవుతుంది. ఎటు చూసినా ఎవరో ఒకరు విరుగుతారు. నాన్న ఉంటే ఏమనేవాడో... నాన్న అలాగా అనేవాడు.

కుర్చీ లాగి ఆవిడను కూర్చోబెట్టింది. తాను ఎత్తుపీట మీద కూర్చుంది.

"మీ తమ్ముడు కాదండీ. నేనే అరగదీశాను."

నర్సమ్మ చూసింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే."



"ఎప్పుడు?"

"పోయిన నెల. ఇదే కుర్చీలో కూర్చుని చెప్పారు. నడిమి పన్ను వద్దన్నారు, చూడటానికి బాగుండదని. నాలుగోది చూపించారు."

నర్సమ్మ తాళంచెవి వైపు చూసుకుంది. నాలుగో పన్ను మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఆగింది. నడిమి పన్ను వద్దు అనేది తాను అనగల మాటేనా అని తనలోకి తాను వెతుక్కుంటున్నట్టు... డబ్బాల్లో, దిండు గలీబుల్లో, ఆరేసిన బట్టల జేబుల్లో.

దొరికిందో లేదో తెలియదు. మొహంలో కోపం మాత్రం మెల్లగా దిగిపోయింది.

"వాడికి తెలుసా?"

"తెలియదు. చెప్పవద్దన్నారు."

ఆవిడ తలూపింది. అది మాత్రం తాను అనే ఉంటుందన్నట్టు.

"అప్పుడు నాకు బాగానే ఉందా?" అంది. చాలా నెమ్మదిగా. "ఆ మాట చెప్పిన రోజు... నేను నేనుగానే ఉన్నానా?"

"ఉన్నారు. నా కూతురు ఎలా ఉందని కూడా అడిగారు."

"మరి ఇప్పుడు?"

గడియారాలమ్మ ఆవిడ చెప్పుల వైపు చూసింది. రెండూ రెండు జతలవి.

నర్సమ్మ తొందరపెట్టలేదు. తొందరపెడితే ఏదీ రాదని ఆవిడకు తెలుసు. ఎన్ని గదుల్లో, ఎంతమంది పక్కన అలా కూర్చుందో... వీపు నిటారుగా పెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, జవాబు వచ్చేదాకా కూర్చుంటానన్నట్టు కూర్చుంది.

ఒక చేతిలో తాళంచెవి. బొటనవేలి కింద చిన్న పసుపు వెలుగు.

వెలిగింది. ఆరింది.

వెలిగింది...